డ్యూటీలో నిద్రపో, చెల్లీ

కొత్తగా నైట్ డ్యూటీలు మొదలైన నర్సు అమ్మాయిలకు నేను చెప్పే మాటలు పెద్దవాళ్ళకు నచ్చవు. నర్సింగ్ స్కూల్లో మాకు నూరిపోసినవాటికి ఇవి పూర్తిగా తలకిందులు. ఇన్‌ఛార్జి సిస్టర్లు తప్పుడు సలహాలంటారు. అననివ్వండి. భద్రాచలంలోనూ చుట్టుపక్కల ఏజెన్సీలోనూ ఇరవై తొమ్మిదేళ్ళు రాత్రిళ్ళు మేలుకున్నాను. రిటైరయ్యాక కూడా తెల్లవారుజామున మూడింటికి ఠక్కున మెలకువ వస్తోంది. ఆ వేళలోనే కూర్చుని ఇది రాస్తున్నాను.

మొదటి సలహా: డ్యూటీలో నిద్రపో.

ఎందుకో చెబుతాను. వరసగా ఆరో నైట్ చేస్తున్నాను. చింతూరు దాటి లోపలి గూడెం నుంచి ఫిట్స్‌తో ఉన్న గర్భిణిని తెచ్చారు. టైము నాలుగు కావస్తోంది. మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వాలి. నరంలోకి ఇచ్చే 4 గ్రాములకు నాలుగు ఆంపుల్స్ పగలగొట్టి, ఆ 8 మి.లీ. మందులో 12 మి.లీ. సెలైన్ కలిపి, పల్చన చేసి, నెమ్మదిగా ఎక్కించాలి. ఎప్పుడు అడిగినా తడుముకోకుండా చెప్పే లెక్క అది. ఆ రాత్రి నేను ఎనిమిదీ సిరంజిలోకి లాగి, సూది మార్చి, నేరుగా బెడ్ దగ్గరికి నడిచాను. ‘సెలైన్ కలపలేదేందమ్మా’ అంది పక్కనున్న ఆయా. ఆమెకు మందుల సంగతి తెలియదు, రోజూ చూసే వరస తెలుసు. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్ళారు. ఆ సిరంజి మాత్రం నా చేతిలో ఇంకా ఉన్నట్టే ఉంటుంది. నా కళ్ళు తెరిచే ఉన్నాయి, బుర్ర అప్పటికే పడుకుంది.

తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఎవరికైనా ఒళ్ళు చల్లబడుతుంది, చురుకుదనం అడుగంటుతుంది. మెదడులో ఒక గడియారం ఉంది. అది వెలుతురును బట్టి నడుస్తుంది, డ్యూటీ చార్టును బట్టి కాదు. ఒంట్లో ఈ గడియారం జన్యువుల స్థాయిలో ఎలా తిరుగుతుందో కనిపెట్టినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ వచ్చింది. మనం దాన్ని మనోబలంతో గెలవాలనుకుంటాం. అది గెలిచే ఆట కాదు.

పాము కాటు కేసు వస్తే 2 మి.లీ. రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు ట్యూబులో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం కదా. గడ్డకట్టిందో లేదో తేలేదాకా ఆగే ఆ ఇరవై నిమిషాలను దండగని ఎవరూ అనరు. నీ కునుక్కి కూడా అంతే చాలు. రెండు నుంచి నాలుగు మధ్య, వార్డు కాస్త సద్దుమణిగినప్పుడు, ఇద్దరున్నచోట ఒకరి తర్వాత ఒకరు పడుకోండి. దొంగతనంగా వద్దు. డ్యూటీ డాక్టరుకు చెప్పు, జోడీ సిస్టరుకు నీ బెడ్లన్నీ అప్పగించు, సెల్లులో అలారం పెట్టు. అరగంట దాటనివ్వకు. గాఢనిద్రలోంచి లేస్తే తల దిమ్ముగా ఉంటుంది. లేచాక ముఖం కడుక్కుని, పావుగంట దాకా సిరంజి పట్టకు. ఒక్కదానివే ఉంటే మాత్రం పడుకోకు. రాత్రికి ఒక్కరినే వేయడం పేషెంటుకు ప్రమాదమని కాగితం మీద రాసి, నకలు నీ దగ్గర పెట్టుకో.

టీ గురించి రెండు మాటలు. అర్ధరాత్రి లోపు తాగు. ఐదింటికి ఫ్లాస్కు పట్టుకొచ్చిన వాళ్ళను కాదను. అప్పుడు తాగిన టీలోని కెఫీన్ ఇంచుమించు సగం పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. నువ్వు పడుకోవాల్సిన వేళ అదే.

డ్యూటీ దిగాక గోదారి గట్టు మీద చల్లగాలికి నడవమంటారు. వద్దు. ఆ ఎండ కంట్లో పడితే లోపలి గడియారం తెల్లారిందనుకుంటుంది. నల్లద్దాలు పెట్టుకో, చున్నీ ముఖం మీదికి లాక్కో, తిన్నగా ఇంటికి పో. స్కూటీ మీద మాత్రం వద్దు. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి తడబాటు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి తడబాటుతో సమానమని 1997లోనే లెక్కకట్టారు. మన చట్టం బండి నడిపేవాడికి 0.03 దాటనివ్వదు. నిన్న ఉదయం ఆరింటికి లేచి, పగలు పడుకోకుండా నైట్ చేసి, ఈ ఉదయం ఎనిమిదింటికి దిగితే ఇరవై ఆరు గంటలు. తాగి నడిపే వాణ్ణి పోలీసులు ఆపుతారు, నిన్నెవరూ ఆపరు. షేర్ ఆటో ఎక్కు. చర్ల రోడ్డు మీద కట్టుకున్నవాడి వెనక కూర్చున్నా నడుం పట్టుకునే కూర్చో.

ఇక ఇంటి సంగతి. చెడ్డ కోడలివనిపించుకో.

ఇది నాకు చాలా ఆలస్యంగా వచ్చిన బుద్ధి. పదేళ్ళ పాటు నైట్ దిగి వచ్చి, అంట్లు తోమి, పిల్లల డబ్బాలు సర్ది, కూర పోపేసి, పదకొండింటికి నడుం వాల్చేదాన్ని. అప్పటికి కుక్కరు కూతలు, గుడి మైకు, పాలవాడి లెక్క, ‘పడుకున్నావా అమ్మా’ అంటూ పక్కింటావిడ. మే నెలలో ఇక్కడి ఎండలు తెలిసినవే, ఇక కరెంటు పోతే చెప్పేదేముంది. మూడు గంటల నిద్రతో మళ్ళీ సాయంత్రం యూనిఫాం. అత్తగారు మంచావిడే. పగటిపూట పడుకునే ఆడదాన్ని చూడలేకపోయేవారు, అంతే. నేనూ ఆ చూపుకు భయపడ్డాను.

భయపడకు. అంట్లు అలాగే ఉండనీ. కిటికీకి నల్లదుప్పటి కొట్టు, ఎండాకాలమైతే తడిపిన గోనెసంచి వేలాడదీయి. తలుపుకు లోపల గడియ పెట్టు. మీ ఆయనతో గట్టిగా చెప్పు, బతిమాలకు. రాత్రి పన్నెండింటికి ఎవరైనా ఆయన్ను కూరలు తరగమని లేపుతారా? పగలు పన్నెండు నీకు అర్ధరాత్రి.

అన్నిటికంటే ఎక్కువ తిట్లు తినిపించే సలహా ఇంకొకటి: త్యాగమూర్తివి కావద్దు.

2022 జూలైలో గోదావరి ఇక్కడ 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 దగ్గర. 1986లో 75.6 చూసినవాళ్ళకు కూడా గుండె జారింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అవతలి ఒడ్డున ఉన్న రిలీవర్లు ఎలా వస్తారు? అలాంటప్పుడు ఉన్నవాళ్ళమే ఉంటాం, ఉండాలి కూడా. దాని గురించి నేను ఒక్క మాట అనను. కానీ నీళ్ళు తీశాక ఆ డ్యూటీలకు బదులు సెలవు అడిగావా? అడగకపోతే వరద రోజుల లెక్కే మామూలు రోజుల్లోనూ సాగుతుంది. ఫలానా సిస్టర్ దేవత, రెండు డ్యూటీలైనా కాదనదంటారు. ఆ మాట చెవిన పడ్డ నాడే జాగ్రత్త పడు. మామూలు ఆసుపత్రిలో ఐదుగురు పేషెంట్లకు ఒక నర్సు, సెలవుల కోసం అదనంగా 30 శాతం మంది ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొలత. వానాకాలం జ్వరాలప్పుడు దుమ్ముగూడెం నుంచీ, కూనవరం నుంచీ, ఛత్తీస్‌గఢ్ కుంట నుంచీ జనం దిగుతుంటే నీ వార్డులో ఎంతమందో నువ్వే లెక్కపెట్టుకో. ఆ తేడాను నీ నిద్రతో పూడ్చకు. ప్రతి హ్యాండోవర్ బుక్కులో రెండు అంకెలు రాయి: పేషెంట్లు ఇంత, నర్సులు ఇంత. నోటితో చెప్పింది గాల్లో పోతుంది.

చివరిది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. జ్వరంతో ఉన్న బిడ్డను ఎత్తుకుని ఒక కోయ తల్లి మాత్రలు ఎలా వేయాలో మూడోసారి అడిగింది. కసిరేశాను. ఆమె ఏమీ అనలేదు. బిడ్డను ఒళ్ళో సర్దుకుని గోడ వైపు జరిగింది. నా మనసు చెడిపోయిందని అప్పట్లో కుమిలిపోయాను. నువ్వలా కుమలకు. మూడు రోజులు జ్వరమొస్తే రక్తపూత తీయిస్తావే, ఇదీ అలాగే. వారంలో మూడుసార్లు కసిరితే, పేషెంట్లు మనుషుల్లా కాక బెడ్ నంబర్లుగా కనిపిస్తే, ఏం చేసినా ఇంతేలే అనిపిస్తే తేదీ వేసి రాసుకో. పనిచోట సరిదిద్దకుండా వదిలేసిన ఒత్తిడి వల్ల వచ్చేవిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లక్షణాలు ఇలాంటివే. ఆ కాగితంతో సెలవు అడుగు. నిద్రమాత్రల కోసం ట్రాలీ మీద చెయ్యి వేయకు, ఈ ఒక్క విషయంలో పెద్దల మాటే నాదీ. 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. ఆ తల్లి ఇంకా వార్డులోనే ఉంటే, ఆ పూటే వెళ్ళి పక్కన కూర్చుని నాలుగోసారి చెప్పు.

ఈ రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కేది ఉంటే మధ్యాహ్నం మూడున్నరకు మంచమెక్కు. గంటన్నర చాలు. సెల్లు పక్క గదిలో పెట్టు, పిల్లాడి చేతికి మాత్రం ఇవ్వకు. చుట్టాలొస్తే లేపవద్దని ముందే చెప్పి పెట్టు. ఐదింటికి లేచి తిని, తల దువ్వుకుని బయల్దేరు.