ఏకఫైలు వీరుడు

ఇంజనీరింగ్ మొదటి ఏడాది సి ల్యాబ్‌లో విరివిగా కనిపించే జాతి ఇది. ఏకఫైలు వీరుడి ప్రపంచానికి ఒకటే ఫైలు, ఆ ఫైలుకి ఒకటే మెయిన్. నంబరు అడగడం, లెక్క చెయ్యడం, జవాబు చూపించడం అన్నీ అందులోనే. టర్బో సి నీలం తెర మీద అక్షరాభ్యాసం జరిగినవాడైతే మొదట క్లియర్‌స్క్రీన్, చివర గెట్‌చ్ లేనిదే ప్రోగ్రాం ముట్టడు. ఆ రెండూ సి ప్రమాణంలో ఏనాడూ లేవంటే, మడి తప్పమన్నట్టు చూస్తాడు.

వీరుడి పరీక్ష సులువు. ఫ్యాక్టోరియల్‌కి 5 ఇస్తాడు, 120 వస్తుంది, "అవుట్‌పుట్ వచ్చింది సార్" అంటాడు. 8 ఇవ్వడు. ఇస్తే, టర్బో సిలో ఇంట్ 16 బిట్లే గనక, 32767 దాటలేక 40320 కాస్తా మైనస్ 25216 అయి కూర్చుంటుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కూడా 5 ఇస్తాడు. ఆయనా అలాంటి ల్యాబ్‌లో పెరిగినవాడే.

ఫ్యాక్టోరియల్‌ని ఫంక్షన్‌గా వేరే ఫైల్లో పెట్టమన్న రోజున కష్టాలు మొదలు. ఫ్యాక్ట్.సి రాసి, మెయిన్.సి ఒక్కదాన్నే జీసీసీ కంపైలర్‌కి ఇస్తాడు. "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్." పక్కనే ఉంది కదా, కనబడదా అని విసుక్కుంటాడు. కంపైలర్ ఒక్కో ఫైలునూ విడిగా ఆబ్జెక్ట్ ఫైలుగా మారుస్తుంది, పక్కింట్లోకి తొంగిచూడదు. ముక్కలు కలిపేది లింకర్. ఇది బుర్రకెక్కేలోపు ఫ్యాక్ట్.సినే ఇన్‌క్లూడ్ చేసేస్తాడు. పనిచేస్తుంది! రెండు ఫైళ్ళూ కలిపి ఇచ్చిన నాడు "మల్టిపుల్ డెఫినిషన్".

హెడర్‌లో ప్రోటోటైప్ చాలని తెలిశాక, దాన్ని మెయిన్.సిలో మాత్రం ఇన్‌క్లూడ్ చేసి ఊరుకుంటాడు. ఫ్యాక్ట్.సిలోనూ చెయ్యాలి. లేదంటే హెడర్ లాంగ్ అని, ఫంక్షన్ డబుల్ అని చెరో మాట చెప్పినా పట్టుకునేవారుండరు. సిలో లింకర్ పేరు కలిస్తే చాలనుకుంటుంది, జాతకాలు చూడని పెళ్ళిళ్ళ పేరయ్య.

చివరిది టెస్ట్ ఫైలు. దానికి సొంత మెయిన్, లోపల అసర్ట్‌లు: 0 ఇస్తే 1 రావాలి, 12 ఇస్తే 479001600. వీరుడి డూ-వైల్ లూప్ ఒకసారి తిరిగాకే ఆలోచిస్తుంది గనక 0కి 0 వస్తుంది, ప్రోగ్రాం మొదటి అసర్ట్ దగ్గరే ఆగిపోతుంది. వీరుడు లూప్ జోలికి పోడు, ఆ అసర్ట్ తీసేస్తాడు. రెండు రోజులకి సిగ్గుపడి తిరిగి పెట్టి, లూప్ దిద్దుతాడు.

నెగ్గిన అసర్ట్ నోరెత్తదు. తెర ఖాళీ. రికార్డులో సంతకం పెట్టాల్సిన సారు "అవుట్‌పుట్ ఏదీ?" అంటారు. వీరుడు టెస్ట్ ఫైలు చివర ఒక ప్రింట్‌ఎఫ్ చేర్చి, 5 ఇచ్చి, 120 చూపిస్తాడు.