మిగిలింది దేవుడికి

నేను దేవుణ్ణి ఏనాడూ కాదనలేదు. నా వెర్రితనం ఇన్నాళ్ళూ నాకు కనబడకపోవడానికి అదే కారణం. బాప్తిస్మం తీసుకున్నాను, క్రిస్మస్‌కు ఇంటిమీద నక్షత్రం కట్టాను, కానుక కవరు తప్పకుండా పంపాను. ఎవరడిగినా నాకు యేసుప్రభువే ముఖ్యమని తడుముకోకుండా చెప్పేవాణ్ణి. రాత్రుళ్ళు నిద్రమాని దేని గురించి లెక్కలు వేసుకుంటున్నానో ఒక్కసారి చూసుకునుంటే అసలు సంగతి తెలిసేది. ఊరి శివార్లలో కట్టుకుంటున్న ఇల్లే అప్పట్లో నాకు సర్వస్వం.

మేస్త్రీకి ఆదివారమే కుదురుతుందని ఒకసారి, సిమెంటు లోడు దిగుతుందని ఇంకోసారి ఆరాధన మానేశాను. తర్వాత్తర్వాత సాకు వెతుక్కునే పని కూడా లేకపోయింది. స్లాబు వేసిన ఆదివారం నా భార్య పిల్లాణ్ణి వెంటబెట్టుకుని ఒక్కతే చర్చికి వెళ్ళింది. కుటుంబ ప్రార్థనను మొదట కుదించాం, ఆపైన అలిసిపోయామంటూ వదిలేశాం. "ఇల్లు కానివ్వు, అన్నీ సర్దుకుంటాయి" అనేవాణ్ణి ఆమెతో.

గృహప్రవేశ ప్రార్థనకు అయ్యగారు వచ్చారు. వాక్యం చదవబోతూ మావాణ్ణి దగ్గరికి పిలిచి, "ఏదీ, నీకొచ్చిన కీర్తన ఒకటి చెప్పు నాన్నా" అన్నారు. వాడు నా మొహంలోకి చూశాడు. వాడి వయసుకి నాకు ఇరవై మూడో కీర్తన మొత్తం నోటికొచ్చు. సండే స్కూల్లో కంఠత వాక్యం అప్పజెప్పకపోతే అమ్మ ఊరుకునేది కాదు. మావాడికి హాల్లో పరిచిన పాలరాయి ధర తెలుసు, నేను ఫోన్లో బేరమాడుతుంటే విన్నాడు కాబట్టి. అయ్యగారు ఏమీ అనలేదు, వాడి తల నిమిరి కీర్తన తానే చదివారు. బిడ్డ కోసం నేను ఏం కూడబెట్టానో, ఏం కూడబెట్టలేదో బంధువులందరి ముందూ తేలిపోయింది.

లూకా సువార్త 12వ అధ్యాయంలోని ధనవంతుడి ఉపమానం చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఎవరో పేరాశగాడి కథ అనుకునేవాణ్ణి. ఆ వారం మళ్ళీ చదివాను. అతను దొంగ కాడు, ఎవరి పొలమూ కాజేయలేదు. భూమి బాగా పండింది, అంతే. ఉన్న కొట్లు విప్పి ఇంకా పెద్దవి కట్టాలని తనలో తాను చెప్పుకుంటాడు. ఆ మాటల నిండా నా పంట, నా కొట్లు, నా ఆస్తి. దేవుడి ఊసు లేదు, పొరుగువాడి ఊసూ లేదు. ఆ రాత్రే అతని ప్రాణం పోతుంది. పేరు చెప్పని ఆ మనిషి నేనే కదా అనిపించి వణుకు పుట్టింది.

మా అమ్మది డోర్నకల్ దగ్గర పల్లె. తిరునెల్వేలి నుంచి వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్యగారు పనిచేసిన ప్రాంతం అది. కూలిచేసుకునే బీదవాళ్ళు కూడా దేవుడికి ఇచ్చేవాళ్ళుగా నిలబడాలని ఆయన పట్టుబట్టారు. అక్కడి సంఘాల్లో పిడికెడు బియ్యం ఆనవాయితీ ఉండేది. అమ్మ దాన్ని చివరిదాకా వదల్లేదు. ఎసరు పెట్టి, చేటలో బియ్యం పోసుకుని, కడగకముందే ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న ముంతలో వేసేది. ఇంట్లో అందరికీ సరిపోతాయో లేదో తెలియని రోజున కూడా అంతే, ముందు ముంతలోకే. ఆదివారం ఆ బియ్యం కొంగున కట్టుకుని గుడికి వెళ్ళేది. తిన్నాక మిగిలితే ఇద్దామనుకునుంటే మా ఇంట్లో ఏనాడూ ఒక్క గింజ మిగిలేది కాదు. నా దగ్గర అంతకు ఎన్నో రెట్లు ఉన్నా, నేను మాత్రం ప్రభువుకు మిగిలిన పొద్దూ మిగిలిన ఓపికా ఇస్తూ వచ్చాను.

ఇల్లు కట్టుకోవడం పాపమని నేననను. మీరూ కట్టుకోండి, పదికాలాలపాటు చల్లగా ఉండండి. కానీ స్లాబు ఆదివారం పడితే మేస్త్రీని సోమవారం రమ్మనండి. పిల్లలకు కీర్తన నేర్పడానికి మాత్రం గృహప్రవేశం దాకా ఆగకండి, ఈ రాత్రే మొదలుపెట్టండి.