ఏడో తరగతి హాజరుపట్టీని

నేను హాజరుపట్టీని. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో ఒక జడ్పీ హైస్కూలు, ఏడో తరగతి. జూన్‌లో బడి తెరిచిన రోజు నా అట్ట మీద సంవత్సరం రాసి, లోపల పేర్లెక్కించారు. ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతులు ఏడాదికి కనీసం 220 రోజులు నడవాలని విద్యాహక్కు చట్టం. అన్నిసార్లూ ఆ పేర్లు నా మీదుగానే పలుకుతాయి. ఇప్పుడు హాజరు ఫోన్‌లో కూడా ఎక్కిస్తున్నారు. అయినా పొద్దున ప్రార్థన కాగానే బల్ల మీదికి వచ్చేది నేనే. పంతులుకీ పిల్లలకీ మధ్య ఎంత నమ్మకముందో పేరు పిలిచే ఆ అయిదు నిమిషాల్లో నాకు తెలిసిపోతుంది.

మొదట క్లాస్ టీచరుగా ఉన్న సార్ లెక్కలు చక్కగా చెప్పేవారు. పేర్లు మాత్రం తలెత్తకుండా పిలిచేవారు. నిన్న రానివాళ్లు లేచి నిలబడి కారణం చెప్పాలి. “కడుపునొప్పి సార్.” అందరికీ కడుపునొప్పే. నిజం చెబితే అందరి ముందూ మాటలు పడాలి, అబద్ధం చెబితే కూర్చోవచ్చు. ఏం చెప్పాలో పిల్లలు తొందరగానే నేర్చుకున్నారు. “ఇంకోసారి మానితే పేరు కొట్టేస్తా” అనేవారాయన. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ బిడ్డనీ బడి నుంచి తీసేయడానికి వీల్లేదని 2009 నాటి ఆ చట్టంలోనే 16వ సెక్షన్ చెబుతోంది. కొట్టడం, మనసు నొప్పించడం రెండూ కూడవని 17వ సెక్షన్. పిల్లలకు సెక్షన్లు ఎవరు చెబుతారు? వాళ్లకు కనిపించేది నా మీద ఆడే ఎర్రపెన్ను ఒక్కటే.

ఆయన వేరే ఊరికి వెళ్లాక తెలుగు మేడం చేతికి వచ్చాను. ఆవిడ పేరు పిలిచి, ఆ పిల్ల ముఖం చూసి, ఆ తర్వాతే నా గడిలో గీత పెట్టేవారు. రానివాళ్లకు ఆబ్సెంటు వేయడం మానలేదు, లెక్క లెక్కే. మర్నాడు వాళ్లు చెప్పిన కారణాన్ని మాత్రం చివరి పేజీలో పెన్సిల్‌తో రాసుకునేవారు.

ఇరవై మూడో నంబరు పిల్ల మూడు రోజులు రాలేదు. వచ్చి, కడుపునొప్పి అంది. మేడం ఏమీ తవ్వకుండా ‘కడుపునొప్పి’ అని రాశారు. ఆ పిల్ల వేళ్ల చివర్లు పత్తికాయ డిప్పలు గీరుకుని ఎర్రగా ఉన్నాయి. బల్ల అంచు పట్టుకున్న ఆ వేళ్లు నాకెంత దగ్గరో ఆవిడకీ అంతే దగ్గర. అయినా అడగలేదు. తప్పిపోయిన పాఠం ఆ రోజు అన్నం బెల్లులో చెప్పి పంపారు.

మరుసటి రోజు అందరూ ఆటకు పోయాక ఆ పిల్ల ఒక్కతే వచ్చింది. “మేడం, నిన్న చెప్పింది అబద్ధం. పత్తి తీయనీకి పోయినా. మాయమ్మకు బాగలేదు. క్లాసులో చెప్పొద్దు మేడం.”

“చెప్పనులేమ్మా.” మేడం రబ్బరుతో తుడిచి, సరిచేసి రాశారు. ఆ వారంలో తోటి టీచరొకరు “ఆ పిల్ల ఎందుకు మానిందట?” అని అడిగితే, “ఇంట్లో పని ఉందట, పాఠం నేను చూసుకుంటున్నా” అని ఊరుకున్నారు. ఆ పిల్ల తలుపు పక్కనే చాక్‌పీసుల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. మేడం చూడలేదు, నేను చూశాను. పెద్దవాళ్లు ఇచ్చిన మాట తమ ముందు నిలుస్తుందా అని కాదు, తాము లేనప్పుడు నిలుస్తుందా అని పిల్లలు చూస్తారు. ఆ తర్వాత నా చివరి పేజీలో కడుపునొప్పులు తగ్గిపోయాయి. చెల్లిని ఆడించాలి. నాన్న తాగి గొడవ చేశాడు. యూనిఫారం ఆరలేదు. లెక్కల టెస్టంటే భయం. ఇవన్నీ అంతకుముందూ ఉన్నవే, చెప్పుకునే చోటు లేదంతే.

దీపావళి దాటితే మా పల్లెలు సగం ఖాళీ అవుతాయి. పత్తికీ మిరపకాయలకూ గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. రాత్రిళ్లు లారీల్లో గిన్నెలు, మూటలు, పిల్లలు. మామూలుగా బడికి ఆ సంగతి తెలిసేసరికి బండి ఊరు దాటిపోయి ఉంటుంది. ఈసారి ఇరవై మూడో నంబరు ముందే వచ్చి చెప్పింది. మేడం, హెడ్మాస్టరు ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లి తల్లితో మాట్లాడారు. వలస పోయేవాళ్ల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్లో ఆ పిల్లకు చోటు దొరికింది.

పద్నాలుగో నంబరు అబ్బాయికి ఆ అదృష్టం లేదు. చెప్పకుండానే పోయాడు. వాడి వరస నిండా ఎర్ర ఆబ్సెంట్లే. అయినా మేడం రోజూ వాడి పేరు పిలిచేవారు. “గుంటూరు పోయినాడు మేడం” అని క్లాసంతా బదులు చెప్పేది. ఒకరోజు విసుగొచ్చి ఎవడో, “వాడు రాడులే మేడం, వదిలేయండి” అన్నాడు. “రేపు నువ్వు పోతే నీ పేరు వదిలేయమంటావా?” అన్నారావిడ. ఆ మాటతో తరగతి మొత్తానికి ఏదో తెలిసింది. ఒంటిపూట బడులు మొదలయ్యాక వాడు వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. మేడం రోజూ తన పేరు పిలుస్తున్నారన్న కబురు స్నేహితుల ద్వారా వాడికి ముందే చేరిందట. లేకపోతే వచ్చేవాడా అని నా సందేహం. తిడితే పడదామని సిద్ధపడి వచ్చినవాడు, తన పేరు వరసలో వినిపించగానే “ప్రెజెంట్ మేడం” అన్నాడు. పోయిన పాఠాలు చెప్పే పని ఇరవై మూడో నంబరు తీసుకుంది.

ఏప్రిల్ చివర్లో నన్ను బీరువాలో పెట్టే ముందు మేడం ఆ పిల్లను పిలిచారు. “ఎనిమిదిలో మీకు కొత్త సార్ వస్తారు. మీ ఇంటి సంగతి ఆయనకు చెప్పమంటావా, వద్దా? నీ ఇష్టం.”

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. “మీరొద్దు మేడం. సార్‌కు నేనే చెప్పుకుంటా” అంది.