మోకాటి మృదులాస్థి ఆత్మకథ

ఒక తపాలా బంట్రోతుగారి కుడిమోకాటిలో, తొడయెముక కొనను కప్పుకొని జీవించిన మృదులాస్థిని నేను. నా మందము కొద్ది మిల్లీమీటర్లే. నాలోనికి రక్తనాళమొక్కటియు రాదు, నరమొక్కటియు లేదు. నా కణములకు ఆహారము పెట్టు భారమంతయు కీలును తడుపుచుండు ద్రవముమీదనే పడినది.

ఆ ద్రవమున కరగియున్న గ్లూకోజు, ప్రాణవాయువు అణువులు, తాము అధికముగానున్న చోటినుండి అల్పముగానున్న చోటికి తమ సహజచలనముచేతనే ప్రసరించుచు నన్ను చేరును. దీనినే విసరణమందురు. నాలో నూటికి 65 మొదలు 80 వంతుల వరకు నీరే. తక్కినది కొల్లాజెను నారల అల్లికయు, దానిలో ఇరుకుకొనియున్న ఋణావేశముగల ప్రోటియోగ్లైకానులును. తిరునాళ్లలో పెద్దల కాళ్లసందున చిన్నపిల్లలు దూరిపోయినట్లు గ్లూకోజు సులభముగా చొచ్చుకొనివచ్చును. ఆల్బుమినువంటి పెద్ద ప్రోటీనులు చాలవరకు వెలుపలనే నిలిచిపోవును. ఈ రాకపోకలను కొలిచి చూపినవారిలో ఆలిస్ మరూదాస్ ముఖ్యురాలు. విసరణమున దూరము రెండింతలైనచో కాలము నాలుగింతలగును గనుక, నా అడుగుపొరలోని కణములు ప్రాణవాయువు కొరతలోనే బ్రతుకుచు, గ్లూకోజును విరిచి శక్తి సంపాదించి, పుట్టిన లాక్టికామ్లమును వచ్చిన దారినే వెలుపలికి పంపుకొనును.

ఆయన ఊరూర సైకిలు తొక్కినన్నాళ్లు నాకు కొదువ లేదు. ప్రతి తొక్కునకును నేను కొంచెము నీరు విడిచి, బరువు తీరగానే మరల పీల్చుకొనుచుంటిని. ఆ ప్రవాహమున పెద్ద అణువులకును దారి దొరకెడిది. ఆయన ఇంటింట అందించిన ఉత్తరములలో, మనియార్డరులలో నా శ్రమయు కొంత కలదు.

ఉద్యోగవిరమణానంతరము ఆయన పడకకుర్చీని ఆశ్రయించెను. కదలిక తగ్గి కీలుద్రవము కలియబడుట తగ్గెను. లేచి నిలిచినప్పుడెల్ల పెరిగిన శరీరభారము నామీద పడెను. నునుపైన నా పైపొర పీచుపీచుగా లేచి పగుళ్లువారెను. నరములు లేనిదానను, మొరపెట్టుకొనుట యెట్లు? నేనరిగి, అడుగునున్న ఎముకయు చుట్టునున్న పొరయు బాధపడిన పిదపగాని ఆయనకు నొప్పి తెలియలేదు. వయసు మీదపడినదని తైలములు రాసిరేకాని నన్ను తలచినవారు లేరు. మృదులాస్థి ఒకసారి నశించినచో మరల కోలుకొనదని 1743లోనే విలియం హంటరు లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో వ్రాసియుండెను.

తుదకు శస్త్రచికిత్సశాలలో ఎముకకొనతో కూడ నన్ను కోసి పళ్లెములో వేసి, నా స్థానమున లోహమును అమర్చిరి. వెలుపలివైపు నేనింకను తెల్లగా నిగనిగలాడుచుంటిని. లోపలివైపు, బరువు మోసినచోట, ఎముక మెరుగెక్కి బట్టబయలైయుండెను. కొంతసేపటికొక చేయి నన్నెత్తి పసుపుపచ్చ సంచిలో వేసి మూతి బిగించెను. ఆ సంచి పోవునది దహనయంత్రమునకే. ఇన్నేండ్లు మోసిన నన్ను ఆయన ఒక్కసారియైనను చూడలేదు.

చదువరులారా, మోకాలు నొచ్చువరకు ఆగకుడు. నొప్పిలేని దినములలోనే నడువుడు, చాలసేపు కూర్చున్నచో లేచి నాలుగడుగులు వేయుడు, శరీరభారమును పెరుగనీయకుడు. మీ మోకాటిలోని మృదులాస్థికి ఆకలి వేసినను మీకు చెప్పుకొనజాలదు.