భూతల వైమానికుడు

హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో పగలు కొలువు చేస్తూ, రాత్రి భోజనమైన తరువాత ఆన్‌లైన్ పాఠాలతో కమర్షియల్ పైలట్ లైసెన్సు పరీక్షలకు చదివే ఉద్యోగి నేటి నగరజీవితంలో ప్రత్యేకంగా పరిశీలించదగిన జాతి. ఇతడు విమానం నడిపిన పాపాన పోలేదు కాని, విమానం ఎందుకు ఎగురుతుందో, ఎప్పుడు ఎగరకూడదో, ఎగిరితే ఏ నిబంధన అడ్డువస్తుందో అడిగినవారికీ అడగనివారికీ సమానంగా వివరించగలడు.

ఈ పరీక్షలు నిర్వహించేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, వాడుకలో డీజీసీఏ. నావిగేషన్, వాతావరణశాస్త్రం, వైమానిక నిబంధనలు, విమాన సాంకేతిక విషయాలు ఇందులోని ప్రధాన పత్రాలు. ప్రతి పత్రంలోను నూటికి 70 మార్కులు వస్తేనే ఉత్తీర్ణత. అభ్యర్థికి ఆ సంస్థ కేటాయించే గుర్తింపు సంఖ్యను కంప్యూటర్ నంబరు అంటారు. అది చేతికందిన నాటి నుంచి గోత్రం అడిగినా ఇతడు ముందు ఆ నంబరే చెబుతాడు. లైసెన్సుకు కావలసిన గణిత, భౌతికశాస్త్రాలు ఇంటర్మీడియట్ ఎం.పి.సి.లోనే పూర్తయి ఉంటాయి. తనను బలవంతంగా ఆ గ్రూపులో చేర్చిన తండ్రిని ఇతడు జీవితంలో మొదటిసారి మెచ్చుకునేది ఈ దశలోనే.

చదువు ముదిరేకొద్దీ దాని ప్రభావం ఇంటిల్లిపాది మీదా పడుతుంది. విమానయానంలో ప్రపంచమంతటా చెల్లే ఒకే కాలమానాన్ని జులూ సమయమంటారు. భారత కాలమానం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. కాబట్టి శుభలేఖలో ఉదయం 10 గంటల 12 నిమిషాలకు ముహూర్తమని ఉంటే ఇతడు దానిని 04.42 జులూగా నమోదు చేసుకుని, అంత కచ్చితంగా నమోదు చేసుకున్నప్పటికీ భోజనాల వేళకే చేరుకుంటాడు. అరవై మైళ్లు పోయేసరికి ఒక మైలు పక్కకు తొలగితే దిశ ఒక డిగ్రీ తప్పినట్టు లెక్కించే సూత్రం ఒకటుంది. ఆటో సందు తప్పినప్పుడు ఇతడు ఆ సూత్రాన్ని ప్రయోగిస్తాడు, లెక్క తేలేలోగా డ్రైవరు కిళ్లీకొట్టు దగ్గర అడిగి ఇల్లు చేరుస్తాడు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ఇతడి వాతావరణ పరిజ్ఞానం. మేడ మీద వడియాలు పెట్టవచ్చునా అని తల్లి అడిగితే, ఇతడు శంషాబాద్ విమానాశ్రయపు మెటార్‌ను, అనగా అక్కడి తాజా వాతావరణాన్ని సంకేతాక్షరాలలో తెలిపే నివేదికను తెరిచి, పడమటి గాలి 12 నాట్లనీ, ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేస్తే మూడు నాలుగు భాగాలను మాత్రమే మబ్బు కప్పిందనీ విప్పిచెప్పి అనుమతిస్తాడు. వడియాలు తడిసిన తరువాత, మెటార్ ఉన్న స్థితినే చెబుతుందనీ, రాబోయేదాన్ని చెప్పే టాఫ్ అనే నివేదిక వేరే ఉందనీ, ఆ భేదం మీద పరీక్షలో ప్రశ్న రావచ్చుననీ విశదీకరిస్తాడు. తల్లి మరునాటి నుంచి ఆకాశం వైపు తానే చూసుకుంటుంది.

కార్యాలయంలో ఇతడి ఆస్తి ఫ్లైట్ కంప్యూటర్. పేరు కంప్యూటరే కాని దానికి కరెంటుతో పనిలేదు. గాలి వల్ల మార్గం ఎంత మారుతుందో, ఇంధనం ఎంతసేపు వస్తుందో చేత్తో తిప్పి తేల్చుకునే గుండ్రని కొలతబిళ్ల అది. అసలు కంప్యూటరు వల్ల జీతం తీసుకునే ఈ ఉద్యోగి, మీటింగులో కెమెరా ఆపివేసి బల్ల కింద ఈ బిళ్లను తిప్పుతుంటాడు. పత్రాలన్నీ గట్టెక్కినా చట్టం 200 గంటల విమానచాలనం కోరుతుందనీ, దాని ఖర్చు లక్షలలో ఉంటుందనీ, ఆ లక్షలకు ఆధారం తాను రోజూ తిట్టుకునే కొలువేననీ ఇతడికి తెలియకపోలేదు. కనుక రాజీనామా లేఖను ఎప్పటికప్పుడు మెరుగుపరుస్తాడే తప్ప పంపడు.

పరీక్షలు సాధారణంగా మూడు నెలలకొక విడతగా జరుగుతాయి కాబట్టి, మూడు నెలలకొకసారి ఇతడికి జ్వరం వస్తుంది. కార్యాలయపు సెలవు పట్టికను బట్టి చూస్తే ఇతడంత రోగిష్టి ఆ అంతస్తులోనే లేడు. లైసెన్సు కోసం చేయించుకున్న క్లాస్ 1 వైద్యపరీక్షను బట్టి చూస్తే ఇతడంత ఆరోగ్యవంతుడూ ఆ అంతస్తులో లేడు. ఈ రెండు దస్త్రాలూ ఒకదానికొకటి ఎదురుపడకుండా నడుపుకురావడమే ఇతడు ఇంతవరకు చేసిన అసలైన నావిగేషన్.