వాగ్దానం వచ్చింది, ఓనరు రాలేదు

సంక్రాంతి వెళ్లిపోయింది. అయినా మింజూరులో నన్ను "బాగున్నారా" అని అడిగే నాథుడు లేడు. "మీకేం వాగ్దానం వచ్చింది?" అంటున్నారు. అంటే కొత్త సంవత్సరపు వాచ్‌నైట్ ఆరాధనలో చర్చిలో ప్లేటులోంచి తీసుకునే బైబిలు వాక్యం కార్డు. గుమ్మిడిపూండి లోకల్లో ఒంటికాలి మీద వేలాడుతున్నా అదే ప్రశ్న.

నాకొచ్చింది నిర్గమకాండం 14:14. దేవుడే నీ తరఫున పోరాడతాడు, నువ్వు నోరు మూసుకో అని తాత్పర్యం. మా ఆవిడ దాన్ని లామినేషన్ చేయించి ఫ్రిజ్ మీద అంటించింది. ఆవిడకొచ్చింది యిర్మీయా 29:11. మేలు, నిరీక్షణ, మంచి భవిష్యత్తు. ఆవిడకే ఏమిటి, వాచ్‌నైట్‌లో మా బెంచీలో సగం మందికి అదే. రానివాళ్లు తీసిన కార్డు గుట్టుగా ప్లేటులో పెట్టేసి ఇంకొకటి తీస్తారు. పాస్టరు అయ్యగారు సరిగ్గా అప్పుడే కళ్లు మూసుకుంటారు.

ఇలా వాక్యం అందుకునే అలవాటు పాతదే. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో 1728లో జింజెన్‌డార్ఫ్ ప్రభువు మర్నాటికని ఒక వాక్యం చెప్పి పంపాడు. 1731 నుంచి ఏటా పుస్తకం వేస్తున్నారు. రోజుకొక వాక్యం చీటీ తీస్తారు, అందరికీ అదే. నీదేంటి నాదేంటి అన్న పేచీ లేదు. మనమే తలకొకటి చేసుకుని బజారున పడ్డాం.

కార్డుతోపాటు "విశ్వాస లక్ష్యాలు" అని గీతలు కొట్టిన కాగితం కూడా ఇచ్చారు. ఎవరి కాగితం చూసినా మొదటి గీత మీద ఒకటే: ఏడాదిలో బైబిలు పూర్తి. 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. ఆదికాండం సినిమాలా నడుస్తుంది. ఫిబ్రవరిలో లేవీయకాండం వస్తుంది, సంఘమంతా అక్కడే పడుకుంటుంది.

నేను మాత్రం మా పడగ్గది గోడ పుణ్యమా అని నేరుగా అక్కడికే దూకాను. తమిళ నెల ఐప్పసి వానలకు పట్టిన చెమ్మ ఇప్పుడు తమిళనాడు మ్యాపంత అయింది. లేవీయకాండం 14లో దీనికి పూర్తి విధానం ఉంది. గోడ మీద పచ్చగానో ఎర్రగానో పొడ కనిపిస్తే యాజకుడికి కబురు పెట్టాలి. ఆయన స్వయంగా వస్తాడు. వచ్చేలోగా సామానంతా బయట పెట్టించమంటాడు, లేకపోతే అదీ అపవిత్రం కింద పోతుందని. కాపురమున్నవాడి మీద ఇంత దయ మా 11 నెలల అగ్రిమెంటులో ఏ పేజీలోనూ లేదు. ఇల్లు మూసి ఏడోరోజు మళ్లీ వస్తాడు. మళ్లీ వస్తాడు! పొడ పాకితే ఆ రాళ్లు పీకించి ఊరవతల పారేయిస్తాడు, గోడ గీకించి కొత్త అడుసు పూయిస్తాడు. అప్పటికీ లొంగకపోతే ఇల్లే కూల్చేయడం. నయమైతే ఇంటి శుద్ధికి రెండు పిట్టలు, దేవదారు కర్ర, ఎర్ర నూలు, హిస్సోపు.

మా ఓనరు ఫోనులోనే చూశాడు. "ఎండలు రానీండి సార్, అదే ఆరిపోతుంది" అన్నాడు. ఇది కూడా వాగ్దానమే. అద్దె మాత్రం అయిదో తారీకుకి ఎండావానా చూడదు.

నిద్రపట్టక మా ఆవిడ కార్డులోని వాక్యం వెనక కథేమిటో బైబిల్లో చదివాను. అది బబులోనుకు చెరపోయినవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరం. పై వచనంలోనే 70 ఏళ్లు పడుతుందని ఉంది. ఆ ముక్క కార్డు మీద వేయరు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అని ఒకాయన రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారన్నాడు. అప్పట్లో కార్డులుంటే ఆయనవే అమ్ముడుపోయేవి. యిర్మీయా మాత్రం అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, ఆ ఊరి క్షేమం కోరండి అని రాశాడు. ఉత్తరం విన్న పెద్దవాళ్లలో తిరిగి ఊరు చూసినవాళ్లు ఎందరుంటారు? మా నాన్న నెల్లూరు వైపు నుంచి ఎన్నూరు పవర్‌హౌస్ పనికి వచ్చినప్పుడు రెండేళ్లే అన్నాడట. ఇక్కడే పోయాడు. ఆయన బైబిల్లోనూ ఈ కార్డులే, ఏటికొకటి.

పొద్దున చూస్తే మా ఆవిడ కాగితంలో మొదటి గీత మీద బైబిలు లేదు. "మామిడి మొక్క" అని ఉంది.

"అద్దె ఇంట్లోనా? ఓనరును అడగొద్దూ?" అన్నాను.

"మొక్కకేం అడుగుతారు గానీ, ముందు గోడ సంగతి అడగండి" అంది.