లేబుల్రావు గారి ఎండాకాలం

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైనుకి అటూ ఇటూ ఉన్న ఏ కాలనీలోనైనా లేబుల్రావు ఒకడు తప్పకుండా ఉంటాడు. ఆధార్ కార్డులో పేరు వేరే ఉండొచ్చు గానీ మనిషిని పోల్చుకోవడం తేలిక. మెడికల్ షాపులో అందరూ ట్యూబు ముందువైపు చూస్తుంటే ఇతను మాత్రం వెనక్కి తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ట్యూబుని ముక్కుకి ఆనించి చదువుతుంటాడు. వెనక నిలబడ్డవాళ్లు జ్వరం బిళ్లల కోసం వచ్చినవాళ్లు. ఈయన చదవడం పూర్తయ్యేసరికి కొందరికి జ్వరం దానంతటదే దిగిపోతుంది.

మా చైతన్యపురి అపార్ట్‌మెంట్‌లోని లేబుల్రావు గారు ఆడిట్‌లో పనిచేస్తారు. ఊళ్లో ఉన్న శాఖలన్నిటి బిల్లుల్లోనూ తప్పులు పట్టి, ‘సమాధానం సంతృప్తికరంగా లేదు’ అని రాసీ రాసీ, ఆ కన్ను ఇంటికొచ్చాక కూడా మూతపడటం మానేసింది. కొత్తపేటలో పళ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో ప్రతి మామిడిపండునీ వాసన చూసి, కార్బైడ్ వేశారా లేదా అని వ్యాపారిని నిలదీసేవారు. తర్వాత మార్కెట్ బాటసింగారం తరలిపోయింది. అనుమానం మాత్రం చైతన్యపురిలోనే ఉండిపోయింది. 2015లో మ్యాగీ ప్యాకెట్లని దేశమంతా షాపుల్లోంచి వెనక్కి తీసుకున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. “నేను ముందే చెప్పలేదూ?” అన్నారు. నిజమే, చెప్పారు. దాని గురించే కాదు, ఉప్పు నుంచి అగరుబత్తి దాకా అన్నిటి గురించీ చెప్పారు.

మొన్న వేసవిలో ఆయన చేతికి సన్‌స్క్రీన్ చిక్కింది.

ఇంట్లో అవసరాలు నాలుగు రకాలు. అమ్మాయి స్కూటీ మీద దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌కి వెళ్లాలి. అబ్బాయికి మిట్టమధ్యాహ్నం క్రికెట్. వాళ్లావిడకి బుగ్గల మీద మంగు మచ్చలు. ఆయన తల్లిగారికి ఏమీ అక్కర్లేదు గానీ, ఆవిడ పేరు కూడా లెక్కలో రాసుకున్నారు. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే, ఎవరికీ ఏ హానీ చెయ్యని ఒకే ఒక్క ట్యూబు తెస్తానని ఉగాది పచ్చడి నోట్లో ఉండగా ప్రకటించారు. పంచాంగ శ్రవణంలో కూడా అంత నమ్మకంగా ఎవరూ ఏదీ చెప్పలేదు.

ఆ మర్నాడే నోట్‌బుక్ వచ్చింది. మొదటి పేజీలో అనుమానితుల జాబితా. “ఆక్సిబెంజోన్. వీడు మామూలోడు కాడు. ట్యూబు మీద బెంజోఫినోన్-3 అని పేరు మార్చుకుని తిరుగుతాడు. యూరప్‌వాళ్లు 2022లో వీడికి ముకుతాడు వేశారు. మొహానికీ చేతులకీ రాసే వాటిలో ఆరు శాతం, ఒళ్లంతా రాసే వాటిలో రెండు పాయింట్ రెండు శాతం, అంతకు మించకూడదన్నారు. ఆక్టినాక్సేట్. వీడి మారుపేరు ఇథైల్‌హెక్సిల్ మెథాక్సీసిన్నమేట్. అవోబెంజోన్ అసలు పేరు బ్యూటైల్ మెథాక్సీడైబెంజోయిల్‌మీథేన్.” ఈ చివరి పేరు ఆయన ఒక్క ఊపిరిలో, తడబడకుండా అంటారు. మా వాచ్‌మన్ పేరు మాత్రం ఇప్పటికీ “ఏయ్, ఇదిగో” దగ్గరే ఆగి ఉంది.

ఆ నోట్‌బుక్ చంకలో పెట్టుకుని ఆయన బయల్దేరేది మధ్యాహ్నం పన్నెండింటికి. ఆ వేళకి షాపుల్లో రద్దీ ఉండదు, తీరిగ్గా చదువుకోవచ్చు. నడివేసవి మధ్యాహ్నం మన ఊళ్లో అతినీలలోహిత సూచిక 11 దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో అంతకన్నా పై తరగతి లేదు. ఆ ఎండలో, టోపీ లేకుండా, పూర్తి బట్టతలతో, చైతన్యపురి నుంచి కొత్తపేట, కొత్తపేట నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా మెట్రో పిల్లర్ల నీడ దొరికినంత మేరా నడుస్తూ, దొరకని చోట వేగుతూ, ఎండ నుంచి కాపాడే ట్యూబు కోసం వెతికారు.

ఎల్బీనగర్ షాపులో కుర్రాడు మొదట ఓపిగ్గానే ఒకటి తీసిచ్చాడు. లేబుల్రావు గారు చదివి, “ఇందులో ఆక్సిబెంజోన్ ఉంది. దీనివల్ల పగడపు దిబ్బలు చచ్చిపోతున్నాయని హవాయిలో 2018లో చట్టం చేశారు. 2021 జనవరి ఒకటి నుంచి అక్కడ అమ్మకూడదు” అన్నారు.

“మనకాడ పగడాలు యాడున్నయి సార్?”

ప్రశ్న సబబైనదే. ఆయనకి అందుబాటులో ఉన్న జలాశయం సరూర్‌నగర్ చెరువు. దానికి వినాయక నిమజ్జనం తెలుసు గానీ పగడపు దిబ్బల సంగతి తెలీదు. అయినా ఆయన తగ్గలేదు. “ఇవాళ సరూర్‌నగర్, రేపు వైజాగ్ వెళ్లమా?” అని ఆ ట్యూబు పక్కన పెట్టించారు.

రెండోది తీశాడు. దానిమీద 2019లో అమెరికా ఎఫ్‌డీఏ చేసిన ప్రతిపాదన వినిపించారు. అమ్మకంలో ఉన్న ఎండ నిరోధకాల్లో జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఈ రెండే నిస్సందేహంగా సురక్షితం, పాబా అనేదీ ట్రోలమైన్ శాలిసిలేట్ అనేదీ పనికిరావు, మిగిలిన పన్నెండింటికి ఇంకా సమాచారం కావాలి అన్నారు వాళ్లు. ఆ పన్నెండులో కొన్ని ఒంటికి రాసుకుంటే రక్తంలోకి చేరుతున్నాయని అదే సంస్థ శాస్త్రవేత్తలు 2019లోనూ 2020లోనూ పరీక్షించి చెప్పారు. రక్తంలో కనిపించినంత మాత్రాన హాని చేస్తాయని అర్థం కాదనీ, సన్‌స్క్రీన్ వాడకం మానొద్దనీ కూడా చెప్పారు. ఆ రెండో మాట దగ్గరకొచ్చేసరికి లేబుల్రావు గారి నోట్‌బుక్‌లో పేజీ అయిపోయింది.

“ఏది ఎంత శాతం ఉందో ఎందుకు రాయరు?” అని కుర్రాణ్ణి అడిగారు. జవాబు కూడా ఆయనే చెప్పారు. మన కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం ఒక శాతం దాటినవి ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి, ఒక శాతమూ అంతకు లోపువీ ఎలా రాసినా సరే. వరసలో ముందున్నది ఎక్కువని తెలుస్తుంది, ఎంతో తెలీదు.

“సార్, మీరు చదివినంత నేను డీ-ఫార్మసీకి గూడ చదవలే” అన్నాడు కుర్రాడు.

మూడో షాపులో వేపాకు బొమ్మా, కలబంద బొమ్మా ఉన్న ఆకుపచ్చ ట్యూబు చూపించి, “ఫుల్ నేచురల్ సార్” అన్నారు. ఆయన ఆశగా వెనక్కి తిప్పారు. వేపా, కలబందా ఉన్నాయి, వరసలో చిట్టచివర. పైన కూర్చున్నది మాత్రం మన మారుపేరు ఆక్టినాక్సేటే. లేబుల్రావు గారు దెబ్బతిన్నారు గానీ లోలోపల తృప్తిపడ్డారు. ఆడిటర్‌కి లెక్క సరిపోయిన రోజు కన్నా తేడా దొరికిన రోజే పండగ.

ఇంత చదువూ వృథా అంటే కళ్లు పోతాయి. మూడో అంతస్తులో ఒక అమ్మాయి తెల్లబడాలని ఎవరో చెప్పిన క్రీము నెలల తరబడి రాసుకుంటోంది. మొహం ఎర్రబడి, చర్మం పలచబడి, ఎండ తగిలితే మంట. లేబుల్రావు గారు లిఫ్టులో ఆ ట్యూబు అడిగి తీసుకుని చదివి, “క్లోబెటసాల్! ఇది స్టెరాయిడ్ తల్లీ, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు” అని, ఆ అమ్మాయిని వాళ్లమ్మతో సహా చర్మ వైద్యుల దగ్గరికి పంపారు. పక్క ఫ్లాటులో మూణ్ణెల్ల మనవరాలికి సన్‌స్క్రీన్ రాయబోతుంటే, ఆరు నెలల లోపు బిడ్డకి నీడా, నూలు చొక్కా, టోపీ చాలని ఆపారు. స్ప్రేలు పిల్లల మొహం మీద కొడితే ఊపిరితో లోపలికి పోతాయని కూడా ఆయనే చెప్పారు. ఊళ్లోవాళ్ల విషయంలో ఆయన చదువు అక్షరాలా పనిచేస్తుంది. చిక్కంతా సొంత ఇంట్లోనే.

ఆ ఇంట్లో చైత్రం పోయి వైశాఖం వచ్చినా సన్‌స్క్రీన్ ‘పరిశీలనలో’ ఉంది. ఈలోగా ఎండ ఆయన నివేదిక కోసం ఆగలేదు. అమ్మాయి కళ్లు తప్ప ఏమీ కనపడకుండా స్కార్ఫ్ చుట్టి, మోచేతుల పైదాకా తొడుగులు వేసుకుని స్కూటీ ఎక్కేది. పన్నెండింటికి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల ముందు ఆడపిల్లలంతా అదే వేషం. ఎవరి పిల్ల ఎవరో తెలీక, తండ్రులు బండి నంబరు చూసి పిలుచుకుంటారు. బిగువుగా నేసిన ముదురు రంగు గుడ్డ ఎండని బాగా ఆపుతుంది, చెమటకి కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోనక్కర్లేదు. దానికి లేబుల్ లేదు కాబట్టి లేబుల్రావు గారు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

వాళ్లమ్మ గారు సూర్యాపేట మనిషి. పది దాటితే గడప దాటరు, దాటితే గొడుగుతో దాటుతారు. “ఎండల పోకురా అంటే ఇనడు. ఆ డబ్బల ఏమున్నదో సూసుడే సరిపాయె” అని గొడుగు ఆయన చేతికి అందించారు. గొడుగు పట్టుకుంటే నోట్‌బుక్ పట్టుకోవడానికి చెయ్యి చాలదని ఆయన వదిలేశారు.

చివరికి జింక్ ఆక్సైడ్ తప్ప ఇంకే నిరోధకమూ లేని, వాసన లేని, ఎస్పీఎఫ్ 50, పీఏ నాలుగు ప్లస్సులు ఉన్న ట్యూబు దొరికింది. ఎస్పీఎఫ్ చర్మాన్ని కాల్చే యూవీబీకీ, పీఏ లోతుకి దిగే యూవీఏకీ కొలతలని ఇంట్లో అందర్నీ సోఫాలో కూర్చోబెట్టి వివరించారు. ఎస్పీఎఫ్ 30 నూటికి తొంభై ఏడు పాళ్లు ఆపితే, 50 తొంభై ఎనిమిది ఆపుతుంది, నూరని రాసుకున్నవాణ్ణి చూసి మోసపోకండి అన్నారు. యూరప్‌లో 50 ప్లస్ దాటి రాయనివ్వరట.

మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు చూశారు, దద్దుర్లు రాలేదు. అప్పుడు అబ్బాయికి పూశారు. జింక్ ఆక్సైడ్‌కి ఒక గుణం ఉంది, మన రంగు ఒళ్ల మీద తెల్లగా తేలుతుంది. పిల్లాడు గ్రౌండులోకి బాగోతం వేషగాడల్లే దిగాడు. అవతలి జట్టు బౌలర్ నవ్వాపుకోలేక మూడు వైడ్లు వేశాడు. ఆ మర్నాటి నుంచి ట్యూబు కనిపిస్తే పిల్లాడు కనిపించేవాడు కాదు.

ఆవిడ ఈ గొడవ పడలేక చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లి, మంగుకి పనికొచ్చే రంగు కలిపిన సన్‌స్క్రీన్ రాయించుకొచ్చారు. ఆయన తిప్పి చదివారు. “ఐరన్ ఆక్సైడ్! అంటే తుప్పు! మొహానికి తుప్పు పూస్తావా?”

“మంగుకి మామూలు వెలుతురు కూడా పడదట. దాన్ని ఆపేది ఆ తుప్పేనట. పైగా ఒంటి రంగులో కలిసిపోతుంది, తెల్లగా తేలదు” అన్నారావిడ.

ఇక మిగిలింది లెక్క. ట్యూబు మీద రాసిన 50 రావాలంటే చదరపు సెంటీమీటరుకి రెండు మిల్లీగ్రాములు పూయాలి, ప్రయోగశాలలో అలాగే కొలుస్తారు. మొహానికీ మెడకీ కలిపి చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు, గ్రాము పైచిలుకు. లేబుల్రావు గారు కాలిక్యులేటర్ తీశారు. నలుగురు, రోజుకి రెండుసార్లు, పది గ్రాములు. యాభై గ్రాముల ట్యూబు ఐదొందలు, ఐదు రోజులు. నెలకి మూడు వేలు! కరెంటు బిల్లు కూడా అంత లేదు. ఆ క్షణాన ఆయనలోని రసాయన శాస్త్రవేత్త తప్పుకుని ఆడిటర్ కుర్చీలో కూర్చున్నాడు. తలకి శనగగింజంత, రోజుకి ఒక్కసారి అని మంజూరు చేశారు. అంత పలచటి పూతకి ఆ 50 కాస్తా పావు వంతుకో, ఇంకా కిందికో దిగిపోతుందన్న సంగతి నోట్‌బుక్‌లో ఎక్కడా ఎక్కలేదు.

రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చింది. ఆ మధ్యాహ్నం ఇంకో ట్యూబు సంగతి తేల్చుకోవడానికి ఆయన చెప్పులేసుకుంటుంటే ఆవిడ గుమ్మంలో నిలబడ్డారు. ఆయన బట్టతల అప్పటికే రెండుసార్లు కమిలి పొరలూడింది.

“ఏమండీ, అందరి డబ్బాలూ చదివారు. మనింట్లో ఉన్నదాని మీద వాడే పద్ధతి అని ఉంది, అదొక్కటీ చదవండి.”

ఆయన కళ్లజోడు పైకి తోసి చదివారు. “బయటికి వెళ్లే ఇరవై నిమిషాల ముందు... ధారాళంగా... రెండు గంటలకోసారి...” ఆగిపోయారు. ఆవిడ గెలిచాననే అనుకున్నారు.

“చూశావా?” అన్నారు లేబుల్రావు గారు, వెలిగిపోతూ. “ధారాళంగా అన్నాడే తప్ప ఎన్ని గ్రాములో రాయలేదు! అక్కడే ఉంది మోసం!”

ఆవిడ మాట్లాడలేదు. ట్యూబు తీసుకుని, రెండు వేళ్ల పొడుగునా దట్టంగా పిండి, ఆయన నడినెత్తిన పామి, “ఇన్ని గ్రాములు” అన్నారు.

“పన్నెండు రూపాయలు!” అని కేక పెట్టారాయన. తుడిచేసుకోవడానికి మాత్రం మనసొప్పలేదు.